సిలబస్ మెన్షియస్‌ది, గేటు షున్‌జీది

మనిషి పుట్టుకతో మంచివాడా, చెడ్డవాడా? చైనాలో ఈ పంచాయితీ క్రీ.పూ. 4వ శతాబ్దం నుంచీ నడుస్తోంది. ఇన్నేళ్లూ తేలకపోవడానికి లోపం మనిషిలో లేదు, ప్రయోగ పద్ధతిలోనే ఉందని సవినయంగా మనవి.

పుట్టుకతో మంచివాడేనన్న తత్వవేత్త మెన్షియస్. ఆయన పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక బావి, అందులో పడబోతున్న పసివాడు, దారినపోయే దానయ్య ఒకడు. షరతల్లా ఒకటే: దానయ్య హఠాత్తుగా చూడాలి. కాస్త వ్యవధి ఇచ్చామా, పిల్లాడి తల్లిదండ్రుల దగ్గర పలుకుబడి, ఊళ్లో మంచిపేరు, ఆ ఏడుపు వినాల్సొచ్చే చిరాకు, అన్నీ లెక్కలోకొచ్చి ఫలితం పాడైపోతుంది. పద్ధతిగా చేస్తే ఎవడికైనా గుండె ఝల్లుమంటుంది. అదే కరుణ మొలక. సిగ్గు, వినయం, తప్పొప్పుల వివేకం మిగతా మూడు మొలకలు. ఇంతకీ పిల్లాణ్ణి పైకి లాగారా? అది ప్రయోగ పరిధిలోకి రాదు. కొలవాల్సింది ఝల్లు మాత్రమే.

ఇలాంటి పరీక్షలోనే చీ దేశపు రాజు షువాన్ కూడా పాసయ్యాడు. బలిచ్చి కొత్త గంటకు రక్తం పూయడానికి తోలుకుపోతున్న ఎద్దు వణకడం చూసి, వదిలేయమన్నాడు. మరి గంట తంతు మానేయాలా అని అడిగితే, అబ్బే, గొర్రెను పెట్టమన్నాడు. ఎద్దు కళ్లబడింది, గొర్రె పడలేదు, అంతేనని మెన్షియస్ సర్టిఫికెట్ ఇచ్చేశాడు. అందుకే ఉత్తములు వంటింటికి దూరంగా ఉంటారట. గొర్రె వాంగ్మూలం ఎక్కడా దొరకదు.

పుట్టుకతో చెడ్డవాడేనన్న తత్వవేత్త షున్‌జీకి ఈ మొలకల మీద నమ్మకం లేదు. వంకర కర్రకు ఆవిరి పట్టి, బిగించి కడితేనే తిన్నగా అవుతుంది; గురువూ మర్యాదా లేకపోతే మనిషీ అంతే. మరి మొట్టమొదటి ఆవిరి పట్టిందెవరు? పూర్వపు మహాపురుషుల స్వభావమూ అందరిలాంటిదేనని ఆయనే ఒప్పుకున్నాడు! ఇక ఆయన దగ్గర తయారైన సరుకు: శిష్యులు హాన్ ఫెయ్, లీ స్సు. మొదటివాడు క్రీ.పూ. 233లో చిన్ రాజ్యపు చెరసాలలో విషం తాగి పోయాడు. ఆ విషం పంపింది రెండోవాడేనని చరిత్రకారుడు సీమా చియెన్ రాశాడు. రెండోవాణ్ణి క్రీ.పూ. 208లో నడుం దగ్గర రెండు ముక్కలు చేశారు.

చివరికి తీర్పు సర్కారే ఇచ్చింది. 1313 ఉత్తర్వుతో మెన్షియస్ సర్కారీ కొలువు పరీక్షల సిలబస్‌లో స్థిరపడ్డాడు. 1530లో కన్ఫ్యూషియస్ గుడిలోంచి షున్‌జీ పేరున్న ఫలకం పీకేశారు. మధ్యలో, 1394లో, మింగ్ చక్రవర్తి హోంగ్‌వు మెన్షియస్ గ్రంథంలోంచి 85 భాగాలు కోయించాడు. ముందు ప్రజలు, ఆ తర్వాతే రాజు అన్న ముక్క కూడా అందులోనే పోయింది.

అసలు చూడాల్సింది పరీక్ష కేంద్రం. మనిషి స్వభావం మంచిదని రాయబోయే అభ్యర్థిని గేటు దగ్గర ఒళ్లంతా తడిమి వెతికేవారు. ఆపైన ఒంటరి గది. జవాబుపత్రం మీద పేరు మూసేసేవారు. చేతిరాత ఆనవాలు పట్టకుండా గుమస్తా దాన్నంతా ఎర్రసిరాతో తిరగరాసేవాడు. గుమస్తాను మాత్రం నమ్మేదెలా? మూలంతో పోల్చి చూడ్డానికి ఇంకొకడు. దిద్దేవాళ్లనూ ఫలితాలు వచ్చేదాకా లోపలే ఉంచి తాళం వేసేవారు.

ఇంత చేసినా లోపలి చొక్కా నిండా చీమతలకాయంత అక్షరాలతో గ్రంథాలు రాసుకొచ్చినవాళ్లున్నారు. మెన్షియస్‌ను వదిలేసి ఉంటారా, సిలబస్‌లో ఉన్నవాడాయె!