ఏసీ గాలి 4వ స్పీడ్‌లో మాత్రమే వస్తే మోటర్ కాలినట్టు కాదు

ఎండలు ముదిరేసరికి పికప్ డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ జోరుగా తిరుగుతోంది. అందులో ఉన్న మాటలు ఇవీ: "ఏసీ బ్లోయర్ 1, 2, 3లో తిరగకుండా 4లోనే తిరిగితే మోటర్ కాలిపోయినట్టే, మార్చేయండి. గ్యాస్ కూడా కొట్టించండి. ఫ్యూజ్ ఊకె పోతుంటే పెద్దది వేయండి. రెసిస్టర్ పోతే డైరెక్ట్ చేసేయండి, మళ్లీ ప్రాబ్లం రాదు. ఆల్టర్నేటర్ మీద డౌట్ ఉంటే బండి స్టార్టింగ్‌లో ఉండగానే బ్యాటరీ టెర్మినల్ పీకి చూడండి."

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తోలేవాళ్లలో చాలామంది కిస్తీల మీద బండి తీసుకున్నవాళ్లే. ఈ సలహాల్లో కొన్ని వాళ్ల డబ్బును వృథా చేస్తాయి, కొన్ని ఏకంగా బండినే తగలబెడతాయి. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

మొదట మోటర్ సంగతి. కాలిపోయిన మోటర్ 4లో మాత్రం ఎట్లా తిరుగుతుంది? నాబ్ తిప్పే మామూలు ఏసీల్లో బ్లోయర్, అంటే గాలి కొట్టే ఫ్యాన్, 1, 2, 3 స్పీడ్లలో తిరగడానికి కరెంట్‌ను తగ్గించే రెసిస్టర్ గుండా కరెంట్ పోతుంది. 4లో పెడితే రెసిస్టర్‌ను తప్పించి నేరుగా మోటర్‌కు అందుతుంది. కాబట్టి 4 ఒక్కటే పనిచేస్తుంటే మోటర్, మెయిన్ ఫ్యూజ్, ఎర్త్ బాగానే ఉన్నట్టు. ముందు అనుమానించాల్సింది రెసిస్టర్‌ను, దాని కప్లర్‌ను (వైర్లు తగిలించే ప్లగ్‌ను). చాలా బండ్లలో ఇది డ్యాష్‌బోర్డ్ కింద క్లీనర్ కూర్చునే వైపు, బ్లోయర్ డబ్బాకు బిగించి ఉంటుంది. కప్లర్ ఊడదీసి చూడండి. పిన్నులు నల్లబడ్డా, ప్లాస్టిక్ కరిగినా అక్కడే తెలిసిపోతుంది. పైకి బాగానే కనిపిస్తే మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి రెసిస్టర్ పిన్నుల మధ్య చూడాలి. బాగున్నదైతే కొద్ది ఓమ్స్ చూపిస్తుంది, తెగినదైతే ఓమ్స్ రీడింగ్ రాదు, మీటర్‌ను బట్టి OL అనో 1 అనో చూపిస్తుంది. మోటర్ ధరతో పోలిస్తే రెసిస్టర్ ధర చాలా తక్కువ. మోటర్ మార్చాలని ఎవరైనా అంటే, రెసిస్టర్ చెక్ చేశారా అని గట్టిగా అడగండి.

ఏ స్పీడ్‌లోనూ తిరగకపోతే అది వేరే కథ. ముందు ఫ్యూజ్, తర్వాత రిలే చూడాలి. ఆ తర్వాత స్విచ్ 4లో ఉంచి మోటర్ కప్లర్ దగ్గర వోల్టేజ్ చూడాలి. అక్కడ రెండు పిన్నుల మధ్య 12 వోల్టులు ఉండి కూడా మోటర్ కదలకపోతే, అప్పుడు మోటర్ పోయిందని చెప్పవచ్చు.

గ్యాస్‌కూ ఫ్యాన్ స్పీడ్లకూ సంబంధమే లేదు. గ్యాస్ తగ్గితే గాలి వస్తుంది కానీ చల్లగా రాదు. బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. కూలింగ్ కాయిల్ మీద ఐస్ పట్టి గాలి తగ్గడం నిజమే, గ్యాస్ తక్కువైనా అలా జరగవచ్చు. అయితే అప్పుడు అన్ని స్పీడ్లలోనూ మెల్లమెల్లగా తగ్గుతుంది, ఒక్క 4ను వదిలిపెట్టదు. గ్యాస్ డీజిల్‌లా ఖర్చయ్యేది కూడా కాదు. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. లీక్ పట్టకుండా ఏటా కొట్టిస్తే డబ్బులు గాలిలో కలిసినట్టే.

ఫ్యూజ్ ఉన్నది మోటర్‌ను కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అసలు అది వైరును కాపాడటానికి. 20 యాంపియర్ల పసుపు ఫ్యూజ్ తీసి 30 యాంపియర్ల ఆకుపచ్చది పెడితే, ఫ్యూజ్ బదులు డ్యాష్‌బోర్డ్ లోపలి వైరు కాలుతుంది. ఫ్యూజ్ మళ్లీ మళ్లీ పోతుంటే మోటర్ పట్టేసి ఉండాలి, లేదా వైరు ఎక్కడో బాడీకి తగులుతుండాలి. గోదాముల దగ్గర రాత్రిళ్లు ఆగే బండ్లలో ఎలుకలు కొరికిన వైరింగ్‌ను తప్పకుండా చూడాలి.

అన్నిటికంటే ప్రమాదమైనది రెసిస్టర్ "డైరెక్ట్" చేయమనడం, అంటే దాన్నో దానిలోని ఫ్యూజ్‌నో తప్పించి వైరు కలిపేయమనడం. కరెంట్‌ను తగ్గించేటప్పుడు రెసిస్టర్ వేడెక్కుతుంది. ఆ వేడిని బ్లోయర్ గాలే చల్లారుస్తుంది, అందుకే దాన్ని గాలి దారిలో బిగిస్తారు. గాలి ఆగిపోయి వేడి మితిమీరితే తెగిపోవడానికి చాలా రెసిస్టర్లలో చిన్న థర్మల్ ఫ్యూజ్ ఉంటుంది. కొందరు ఆ ముక్క మీద వైరు పెట్టి సోల్డర్ చేసి, రిపేర్ అయిందని ఇచ్చేస్తున్నారు. ఆ తర్వాత ఏదో రోజు మోటర్ పట్టేస్తే, ప్లాస్టిక్ డబ్బా లోపల రెసిస్టర్ ఎర్రగా కాలుతుంటే ఆపేది ఏముంటుంది? లోడుతో భూపాలపల్లి అడవి దారిలో పోతున్నప్పుడు క్యాబిన్‌లోకి పొగ వస్తే డ్రైవర్ ఏం చేయాలి? దయచేసి ఈ పని ఎవరూ చేయకండి, చేయించకండి. రెసిస్టర్‌ను పూర్తిగా తప్పించి వైర్లు కలిపినా మంచిది కాదు. 1లో పెట్టినా మోటర్ ఫుల్ కరెంట్ లాగుతుంది, చిన్న స్పీడ్ల వైర్లు, స్విచ్ పాయింట్లు ఆ కరెంట్ కోసం చేసినవి కావు.

కొత్త రెసిస్టర్ వేసిన కొన్నాళ్లకే మళ్లీ పోతే రెసిస్టర్‌ను తిట్టుకోవద్దు. మిర్చి దుమ్ము, పత్తి నూగు, వడ్ల పొట్టు ఫిల్టర్‌కో కాయిల్‌కో పట్టేసి గాలి ఆడకపోయి ఉండవచ్చు. లేదా మోటర్ బుష్ అరిగి ఎక్కువ కరెంట్ లాగుతుండవచ్చు. క్యాబిన్ ఫిల్టర్ లేని బండి అయితే దుమ్మంతా నేరుగా కాయిల్ మీదికే పోతుంది.

చివరిది బ్యాటరీ టెర్మినల్. ఇంజిన్ నడుస్తుండగా పీకితే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసి ఇంజిన్ కంప్యూటర్, ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు పోవచ్చు. మల్టీమీటర్ ఉంటే చాలు. ఫుల్ చార్జ్ ఉన్న బ్యాటరీ ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. స్టార్ట్ చేశాక సాధారణంగా 13.8, 14.4 మధ్య చూపిస్తే ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇస్తున్నట్టే.