గ్రీకులకీ పర్షియన్లకీ శుద్ధి కార్యక్రమం

"మా సంస్కృతి స్వచ్ఛమైనది, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు" అనే పెద్దమనుషులు ప్రతి దేశంలోనూ ఉన్నారు. వాళ్ల సిద్ధాంతాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తూ ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. ముందుగా ప్రాచీన గ్రీకులనీ పర్షియన్లనీ శుద్ధి చేద్దాం. పరాయి సొత్తు ఎవరిది వాళ్లకి వాపస్ ఇచ్చేద్దాం.

గ్రీకు అక్షరాలు ఇప్పటి లెబనాన్ తీరంలో ఉండే ఫినీషియన్ల దగ్గర తెచ్చుకున్నవి, పంపించేయండి. అచ్చులు మాత్రం గ్రీకులు సొంతంగా కలిపినవే కాబట్టి ఉంచుకోనిద్దాం, వాటితోనే తత్వశాస్త్రం రాసుకుంటారు. నాణేల అలవాటు పక్కనున్న లిడియా (ఇప్పటి టర్కీలో ఉంది) నుంచి వచ్చింది, తీసేయండి. ఏథెన్స్ తినే ధాన్యంలో చాలా భాగం నల్లసముద్రం వైపు నుంచి ఓడల్లో దిగేది, ఆపేయండి. ఇక మిగిలేవి కొండలు, ఆలివ్ చెట్లు, ద్రాక్ష తోటలు. ఆకలేస్తే ఆలివ్ నూనె తాగుతారు, టెన్షన్ ఎందుకు?

అన్నట్టు, ఆ కొండలకి ఇవ్వాల్సిన క్రెడిట్ ఎవరూ ఇవ్వరు. లోయకీ లోయకీ మధ్య కొండ అడ్డం, అందుకే ఎవడి లోయకి వాడి రాజ్యం, వాడి చట్టం, పక్కవాడితో వాడి తగువు. అలా వెయ్యి దాకా నగర రాజ్యాలు. సాగుభూమి తక్కువ, నడక కన్నా పడవ సుఖం, దాంతో ఇప్పటి ఫ్రాన్స్‌లోని మార్సెయ్ దాకా వెళ్లి ఊళ్లు కట్టేశారు. ఇదంతా జాతి ప్రతిభే తప్ప సముద్రం చేసిందేమీ లేదని మనం నమ్మాలి.

పర్షియా (ఇప్పటి ఇరాన్) కేసు ఇంకా ఘోరం. అక్కడ రాజే ఒప్పుకున్నాడు! తన రాజధానుల్లో ఒకటైన సూసాలో రాజభవనం కట్టించిన మొదటి డేరియస్ శాసనం చదవండి. దేవదారు లెబనాన్‌ది, బంగారం లిడియా నగరం సార్డిస్‌ది, ఇప్పటి అఫ్గానిస్తాన్ వైపున్న బాక్ట్రియాది, ఏనుగు దంతంలో కొంత మన సింధు వైపుది, రాతి పనివాళ్లు ఇప్పటి టర్కీ తీరంలోని అయోనియా గ్రీకులు, ఇటుకలు కాల్చింది బాబిలోన్ వాళ్లు. ఏది ఎక్కడి నుంచి తెప్పించాడో దాచకపోగా, రాళ్ల మీద చెక్కించి మరీ గొప్పలు పోయాడు. ఇంకో రాజధాని పెర్సెపోలిస్‌లో కూలీలకి ఇచ్చిన ధాన్యం, వైన్, బీరు లెక్కలు సైతం మట్టి పలకల మీద ఎక్కువగా పర్షియన్ల సొంతం కాని ఎలాం భాషలోనే ఉన్నాయి. శుద్ధి చేస్తే ఆ భవనానికి పైకప్పూ ఉండదు, ఆఫీసుకి చిట్టాపుస్తకమూ ఉండదు.

కానీ పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు? వాన తక్కువ, నడిమధ్య ఎడారి, కొండ పాదాల నుంచి భూగర్భ కాలువలు తవ్వి నీళ్లు లాక్కోవాల్సిన పీఠభూమి. ఒకవైపు బాబిలోన్, ఇంకోవైపు సింధు. అలాంటి చోట కూర్చుని ఎవరితోనూ సంబంధం లేదంటే కుదరదు గనక సార్డిస్ నుంచి సూసాకి సుమారు 2,500 కిలోమీటర్ల రాదారి నడిపారు. నడిచి వెళ్తే 90 రోజులని లెక్క చెప్పింది హెరోడోటస్, ఆయన గ్రీకు చరిత్రకారుడే గానీ పుట్టిన హాలికర్నాసస్ అప్పట్లో పర్షియా పాలనలో ఉండేది. ఈయన్ని ఏ ఖాతాలో వేయాలో కమిటీ తేల్చాలి.

థెమిస్టోక్లిస్ ఫైలు కూడా పెండింగ్‌లోనే ఉంది. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియా నౌకాదళాన్ని ఓడించిన ఏథెన్స్ హీరో. తర్వాత సొంతవాళ్లు తరిమేస్తే ఆ పర్షియాకే పోయి అప్పటి రాజు దగ్గర చేరి, ఏడాదిలో వాళ్ల భాష నేర్చుకుని, రొట్టెకి మగ్నీసియా, వైన్‌కి లాంప్సకస్, కూరకి మ్యూస్ అని మూడు ఊళ్లు ఇనాంగా పుచ్చుకున్నాడు.