పొగగొట్టం తరఫున ఒక విన్నపం

పిల్లల ఉబ్బసానికి వాహనాల పొగే కారణమంటూ సాగుతున్న ప్రచారాన్ని చూస్తూ ఊరుకోలేక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పొగగొట్టానికి నోరుంది గానీ మాట రాదు. దాని పక్షాన ఎవరో ఒకరు నిలబడాలి కదా.

నన్నడిగితే తప్పు పిల్లలదే. కారు వెనక పొగ వెలువడే చోటు నేలకు మూరెడు ఎత్తు కూడా ఉండదు. బాధ్యత తెలిసిన పెద్దలు తమ ముక్కును దానికి దూరంగా, అయిదడుగుల ఎత్తున అమర్చుకున్నారు. మూడేళ్ల పిల్లవాడు మాత్రం తన ముక్కును తెచ్చి పొగ దగ్గరే పెడతాడు. పైగా దుబారా ఒకటి: ఒంటి బరువుతో పోల్చి చూస్తే పిల్లలు పెద్దల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు. ఎవరు పీల్చమన్నారు? వాళ్ల ఊపిరితిత్తులు టీనేజీ చివరిదాకా ఎదుగుతూనే ఉంటాయట. పని పూర్తికాని ఇంట్లో కాపురం పెట్టి, దుమ్ము పడుతోందని గోల చేస్తే ఎలా?

ఇక సాక్ష్యాల సంగతి. పొగకూ ఉబ్బసానికీ పొంతన కుదరడం కాకతాళీయమే కావచ్చు. దక్షిణ కాలిఫోర్నియాలో ఈ కాకతాళీయం 1990ల నుంచి సుమారు ఇరవై ఏళ్లు విడవకుండా పనిచేసింది. వేలమంది పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తే, వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ వాయువు గాలిలో తగ్గినకొద్దీ కొత్తగా ఉబ్బసం బారిన పడే పిల్లలూ తగ్గుతూ వచ్చారు. మా పక్షానికి కాస్త ఊరటనిచ్చింది అట్లాంటా. 1996 ఒలింపిక్స్ రోజుల్లో అక్కడ కార్ల రాకపోకలు తగ్గాయి, ఉబ్బసంతో అత్యవసర వైద్యానికి పరుగెత్తే పిల్లలూ తగ్గారు. అయితే నేల దగ్గర ఊపిరికి హాని చేసే ఓజోన్ వాయువు చుట్టుపక్కల ఊళ్లలోనూ అప్పుడు తగ్గిందని, కాబట్టి ఆ ఘనత ట్రాఫిక్ తగ్గడానిదేనని చెప్పలేమని తర్వాత మరో బృందం తేల్చింది. ఆ ఒక్క కాగితాన్ని మేము ఫ్రేము కట్టించుకున్నాం.

2019లో మరో లెక్క వచ్చింది. ప్రపంచంలో ఏటా సుమారు 40 లక్షల మంది పిల్లలకు కొత్తగా వచ్చే ఉబ్బసం నైట్రోజన్ డయాక్సైడ్ పుణ్యమేనని అంచనా వేశారు. ఆ వాయువులో పెద్ద వాటా వాహనాలదే. అదే పరిశోధనలో మా నిర్దోషిత్వం కూడా బయటపడింది: అందులో నూటికి 92 మంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పట్లో గీసిన ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాముల హద్దు దాటని ప్రాంతాల వాళ్లే. అంటే పొగ చెప్పిన మాట విని బుద్ధిగా గీత లోపలే ఉంది. అందుకు ఆ సంస్థ ఏం చేసింది? 2021లో గీతను 10కి జరిపింది!

వాహన తయారీదారులకు దయాదాక్షిణ్యాలు లేవనేవారు 2014 నాటి ప్రయోగం గురించి తెలుసుకోవాలి. జర్మన్ కార్ల కంపెనీలు డబ్బు పెట్టిన ఒక సంస్థ కోసం, అమెరికాలోని అల్బుకర్కీలో పది కోతులను గదుల్లో ఉంచి, ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు డీజిల్ పొగను పీల్పించారు. అవి బెదరకుండా ఉండాలని కార్టూన్లు చూపించారు. పరీక్ష జరుగుతోందని పసిగట్టి పొగ తగ్గించే దొంగ సాఫ్ట్‌వేర్ ఆ కారులో ఉందని తర్వాత బయటపడింది. అది వేరే సంగతి. పొగ పీల్చేవాడి మనశ్శాంతి గురించి ఇంతగా ఆలోచించినవాళ్లు మరొకరు నాకు కనబడలేదు.

బడి వదిలే వేళకు గేటు ముందు అలాంటి ఏర్పాటు ఒకటుంటే బాగుండును. లోపల ఏసీ ఆగకూడదు కాబట్టి బారులు తీరిన కార్లలో ఇంజన్లూ ఆగవు. ఒక కారులో తల్లి అద్దాలు పైకెత్తుకుని, డ్యాష్‌బోర్డు అర తెరిచి, నీలం రంగు ఇన్‌హేలర్ ఉందో లేదో చూసుకుంటుంది. ఉంది. పాప రెండు కార్ల మధ్య నుంచి దగ్గుతూ వచ్చి ఎక్కుతుంది. తల్లి ఇన్‌హేలర్‌ను ఆడించి, మందు ఊపిరితిత్తుల్లోకి చేర్చే స్పేసర్ గొట్టానికి తగిలించి, మూతికి ఆనించి నొక్కి, పాప ఊపిరులు లెక్కపెడుతుంది. పిల్లికూతలు తగ్గాయి. ఇంజన్ మాత్రం ఆగలేదు, ఎందుకంటే పాపకు ఉక్కపోస్తుంది.

లండన్ నుంచి ఒక పత్రం కూడా ఉంది. రద్దీగా ఉండే సౌత్ సర్క్యులర్ రోడ్డు దగ్గర పెరిగిన ఎల్లా అడూ కిస్సీ డెబ్రా తొమ్మిదేళ్లకు, 2013లో, తీవ్రమైన ఉబ్బసంతో చనిపోయింది. అంతకుముందు మూడేళ్లలో పాతిక సార్లకు పైగా ఆసుపత్రిలో చేరింది. ఆమె మరణానికి వాయు కాలుష్యం కూడా కారణమని 2020 డిసెంబరులో కరోనర్, అంటే మరణ కారణాలపై విచారణ జరిపే అధికారి, తేల్చారు. బ్రిటన్‌లో ఒక మనిషి విషయంలో అలా నమోదు కావడం అదే మొదటిసారి. దీనికి జవాబు చెప్పడానికి మా పక్షం వాయిదా కోరుతోంది.

తొందరపడి ఇంజన్లు ఆపేయకుండా, కనీసం మరో పదిహేనేళ్లు లోతుగా పరిశోధించాలని మా విన్నపం. అప్పటికి ఇప్పటి మూడేళ్ల పిల్లలకు పద్దెనిమిది నిండుతాయి కాబట్టి, వాళ్లకున్నది ఇక పిల్లల ఉబ్బసం కిందికే రాదు. పైగా డ్రైవింగ్ లైసెన్సుకు కూడా అర్హులవుతారు.