వాది గైర్హాజరు, దావా పరిష్కారం

మన కోర్టుల్లో కేసులు తెమలవని ఆడిపోసుకునేవాళ్లు ఒక్కరోజు పదిన్నరకల్లా వెళ్లి పిలుపులు వినాలని మనవి. బంట్రోతు గుమ్మంలో నిలబడి వాది పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఎవరూ పలకరు. ‘వాది గైర్హాజరు, దావా కొట్టివేయడమైనది’ అని కాగితం మీద ఒక లైను పడుతుంది. పన్నెండేళ్ల తగాదా అర నిమిషంలో తేలిపోయింది. సాక్షుల్లేరు, వాదనల్లేవు. పరిష్కరించిన కేసుల లెక్కలో మాత్రం ఒకటి పెరిగింది.

ఆ పన్నెండేళ్లలో జడ్జిగారు సెలవు పెట్టారు, బదిలీ అయ్యారు, కుర్చీ కొన్నాళ్లు ఖాళీగా ఉంది, లాయర్లు విధులు బహిష్కరించారు, ప్రతివాది టైము అడిగాడు. ఎవరు రాకపోయినా వాయిదా వేశారు. వాది రాకపోతే కేసే పోయింది. విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని సివిల్ దావాలు నడిపే పద్ధతి చెప్పే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 17వ ఆర్డరు (అంటే అందులో ఒక అధ్యాయం లాంటిది) చెబుతోంది. ఆ మూడూ ఎప్పుడు అయిపోయాయో లెక్కపెట్టిన మనిషి నాకింకా తగల్లేదు.

వాదులు అసలు కంఠతా పట్టాల్సింది 9వ ఆర్డరు. మూడో రూలు కింద, పిలిచినప్పుడు ఇద్దరూ లేకపోతే దావా కొట్టేయొచ్చు. అయినా భయం లేదు, దావా వేయడానికి చట్టమిచ్చిన కాలపరిమితి మిగిలుంటే మళ్లీ కొత్త దావా వేసుకోవచ్చు. ఎనిమిదో రూలు అలా కాదు. ప్రతివాది వచ్చి వాది రాకపోతే దావా పోతుంది, అదే కారణం మీద కొత్త దావా వేసే దారీ మూసుకుపోతుంది. కాబట్టి వెళ్లలేని రోజున వాది ముందు చేయాల్సిన పని, ప్రతివాదిని కూడా వెళ్లకుండా ఆపడం. అన్నట్టు, ఆ రూల్లోనే ఒక మినహాయింపుంది. వచ్చిన ప్రతివాది ‘అవును, బాకీ ఉన్నాను’ అని ఒప్పుకుంటే, వాది లేకపోయినా డిక్రీ ఇవ్వాలి. అంత ధర్మాత్ముడైతే కోర్టు దాకా ఎందుకొస్తాడు?

కొట్టేసిన దావాను బతికించుకోవడానికి 30 రోజుల గడువుంది. రాలేకపోయినందుకు తగిన కారణం చూపించాలి. లాయరు తప్పుకి కక్షిదారు నష్టపోకూడదని సుప్రీంకోర్టు 1981లోనే ఒక తీర్పులో చెప్పింది. బాగానే ఉంది. కానీ అఫిడవిట్ తయారుచేసేది ఆ లాయరే. డైరీలో వాయిదా తేదీ 13ని 23 అని రాసుకున్నామని తన చేత్తో తానే ఎలా రాసుకుంటాడు? అందుకని కక్షిదారుకి కామెర్లొస్తాయి. పసరు మందు తాగుతూ మంచం మీద ఉన్నానని, ఆరోగ్యంగా గోడకానుకుని కూర్చున్న మనిషి సంతకం పెడతాడు. సరిగ్గా వాయిదా నాడే వచ్చి, పిటిషన్ వేసేనాటికి తగ్గిపోయే ఈ వ్యాధి మీద వైద్యులు ఇంకా దృష్టి పెట్టినట్టు లేదు.

ఇంతా చేస్తే, ఆ పిటిషన్‌కీ ఒక వాయిదా ఉంటుంది. ఆ రోజు పిలిచినప్పుడు పలక్కపోతే అదీ పోతుంది. అప్పుడు, దావాను పునరుద్ధరించమన్న పిటిషన్‌ను పునరుద్ధరించమని ఇంకో పిటిషన్. ఈలోగా ముప్ఫై రోజులు దాటిపోతే, ఆలస్యాన్ని మన్నించమని దానికి తోడు మరొకటి. వీటి పేర్లు కేసు కట్ట మీద రాసేసరికే గుమాస్తాకి చెయ్యి లాగుతుంది. వాయిదా తేదీ డైరీలో ఎక్కించడం మర్చిపోయేది సరిగ్గా అప్పుడే.