‘ఇంటికి తోలిన్రు గదా, ఇంకేం రంది?’

మా చెల్లె బిడ్డ ఐసీయూలోంచి బయటికొచ్చి నాలుగు నెలలు కావస్తోంది. ఈ నాలుగు నెలల్లో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. చుట్టాలు అన్నారు, పక్కింటివాళ్ళు అన్నారు, డిశ్చార్జ్ కాగితాలు చేతిలో పెట్టిన కౌంటర్ అబ్బాయి కూడా నవ్వుతూ అదే అన్నాడు. అందరూ మంచి మనసుతోనే అన్నారు. అయినా ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మాకు రంది మొదలైందే ఆ రోజు.

పాప 31 వారాలకే పుట్టింది. 1,380 గ్రాములు. అక్టోబరు చివర్లో, నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. పేరు రాయను, అడగకండి. వాళ్ళు బిడ్డను బతికించారు, అది నేను మరచిపోను. 34 రోజులు బాక్స్‌లో ఉంది. ఇంక్యుబేటర్ అని డాక్టర్లు అంటారు కానీ మా దగ్గర అందరూ బాక్సే అంటారు. ఆ 34 రోజులూ పాలు పైపులోంచి పోసింది నర్సు, గుడ్డలు మార్చింది నర్సు, ఒళ్ళు తుడిచింది నర్సు. మా చెల్లె పని మూడు గంటలకోసారి పాలు పిండి తలుపు దగ్గర ఇచ్చి రావడం, రోజుకు రెండుసార్లు అద్దంలోంచి చూడటం. బిడ్డను ఎదకు హత్తుకున్నది మొత్తం మూడుసార్లు. ఆ మూడు తారీఖులూ తనకు గుర్తే.

35వ రోజు పొద్దున ఫోన్. “పాప మంచిగున్నది, బిల్లు కట్టి తీసుకపోండి.” బిల్లు దగ్గర గంటసేపు కూర్చోబెట్టారు. బిడ్డ గురించి చెప్పింది మాత్రం పది నిమిషాలు. రెండు రకాల చుక్కల మందు, ఇంగ్లీషులో మూడు పేజీలు, “రెండు గంటలకోసారి పాలు పట్టమ్మా, చలి తగలనీయకు” అనే మాట. అంతే. 1,850 గ్రాముల బిడ్డను పొత్తిగుడ్డల్లో చుట్టుకుని, డిసెంబరు చలిలో, దేవరకొండ అవతల ఊరికి బయలుదేరాం.

ఆ రాత్రి సంగతి చెప్తాను. ఐసీయూలో మిషన్ టక్ టక్‌మంటూ ఉండేది. ఆ చప్పుడు వినపడితే పాప ఉన్నట్టు. ఇంట్లో చప్పుడు లేదు. చెల్లె గోడకు ఆనుకుని కూర్చుంది, బిడ్డ పొట్ట మీద నుంచి కళ్ళు తిప్పలేదు. రాత్రి ఒంటిగంటకు గావుకేక పెట్టింది. “అక్కా, ఊపిరి ఆగిపోయింది!” నేను లేచి వచ్చేలోపు పాప మళ్ళీ ఊపిరి తీసుకుంది. గబగబా నాలుగుసార్లు తీసుకుని, కాసేపు ఆపి, మళ్ళీ తీసుకుంటోంది. తెల్లవారేదాకా ఇద్దరం ఫోన్‌లో సెకన్లు చూస్తూ లెక్కపెట్టాం.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు అట్లానే ఊపిరి తీస్తారట. ఐదు నుంచి పది సెకన్లు ఆగి మళ్ళీ అందుకోవడం మామూలే. ఇరవై సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా అప్పుడు పరుగెత్తాలి. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మిషన్ ముందు ఆమెను ఒక్క పూట కూర్చోబెట్టి, “ఇదిగో చూడు, ఇట్లా ఆగితే భయం లేదు” అని చూపిస్తే ఆ రాత్రి మాకు ఉండేది కాదు.

పాలు ఇంకో కథ. రొమ్ము పట్టడం పాపకు రాదు, పట్టించడం చెల్లెకు రాదు. ఐసీయూలో ఎన్ని మిల్లీలీటర్లు తాగిందో చార్టులో ఉండేది. ఇంట్లో ఎట్లా తెలుస్తుంది? మా అమ్మ అటక మీద నుంచి పాత ఉగ్గుగిన్నె తీసి, వేడినీళ్ళలో మరిగించి, పిండిన పాలు చుక్క చుక్కగా పట్టింది. నేను సీసా కొనుక్కొస్తానంటే తిట్టింది. తర్వాత తెలిసింది, ఆసుపత్రుల్లో పాలాడై అని వాడేది దాదాపు ఇదే గిన్నె. ఆ పని ఐసీయూలో ఉండగానే నేర్పాల్సింది, మా అమ్మ అటక మీద వెతుక్కోవాల్సింది కాదు.

“బిజీగా ఉంటారు, అందరికీ నేర్పాలంటే ఎట్లా” అనేవాళ్ళు ఉంటారు. నేను టీచర్‌ని, నలభై మందికి ఒక్కదాన్నే చెప్పడం ఎట్లాంటిదో నాకూ తెలుసు. కానీ ఇది నేను కనిపెట్టిన కోరిక కాదు. తల్లిదండ్రులను లోపలికి రానిచ్చి, చేతులు కడుక్కోవడం దగ్గర నుంచి పాలు పట్టడం, ఎదకు కట్టుకోవడం, ఇంటికెళ్ళాక ఏం చూసుకోవాలో దాకా నేర్పే పద్ధతి ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో చేసి చూపించారు. 2017లో కేంద్రం దాని మీద మార్గదర్శకాలే ఇచ్చింది. బిడ్డను ఎదకు కట్టుకునే ఈ కంగారూ పద్ధతి అంతకన్నా పాతది. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, తల్లుల ఎదకే పిల్లలను కట్టడం మొదలుపెట్టారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే పుట్టిన వెంటనే మొదలుపెట్టి, రోజుకు 8 నుంచి 24 గంటలు, ఎంత వీలైతే అంత చేయమంది. మా చెల్లెకు దక్కింది 34 రోజుల్లో మూడుసార్లు.

ఇక ఆశ కార్యకర్త. ఆమెను ఏమీ అనను, ఆమెకున్న పనికి ఇద్దరు కావాలి. బిడ్డ పుట్టిన 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశ ఇంటికి రావాలని లెక్క. ఆ లెక్క పుట్టిన రోజు నుంచి. మా పాప ఇంటికొచ్చేసరికి ఐదు విజిట్లు క్యాలెండర్‌లోనే అయిపోయాయి! ఎస్ఎన్‌సీయూ (ప్రభుత్వ ఆసుపత్రుల్లో పసిబిడ్డల ప్రత్యేక వార్డు) నుంచి వచ్చిన పిల్లలను డిశ్చార్జ్ అయినప్పటి నుంచి చూడాలని నిబంధన ఉంది. మరి ప్రైవేటు ఆసుపత్రి నుంచి బిడ్డ ఊరికొచ్చిందని ఆమెకు చెప్పేదెవరు? మేమే వెళ్ళి చెప్పాం. ఆ సాయంత్రమే తూకం సంచీ పట్టుకుని వచ్చింది, పాపం.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఆ మూడు పేజీలు. ఇంటికొచ్చిన ఐదో రోజు తీరికగా కూర్చుని చదివాను. రెండో పేజీ కింద మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఆర్ఓపీ, పక్కన ఒక తారీఖు. ఎల్లుండి! ఆర్ఓపీ అంటే కంటి జబ్బు. నెలలు నిండని పిల్లల కంటి వెనక రక్తనాళాలు సరిగా ఎదగవు, కొందరిలో అవి అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాను లాగేస్తాయి. సమయానికి పట్టుకుంటే లేజర్‌తో చూపు దక్కుతుంది, పట్టుకోకపోతే జీవితాంతం చీకటే. మన దేశంలో 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల లోపు ఉన్నా నెల తిరగకముందే మొదటి పరీక్ష చేయాలి. మా పాపకు అది ఆసుపత్రిలో అయింది. రెండోది మేము చూసుకోవాలని ఎవరూ నోటితో చెప్పలేదు. హైదరాబాద్ పరుగెత్తాం. కళ్ళు బాగున్నాయి. కానీ ఆ కాగితం మా చెల్లె అత్త దగ్గరే ఉండిపోతే? ఆమె దాన్ని దేవుడి పటం వెనక దాచి పెట్టింది, పదిలంగా.

చుట్టాల గురించి రాస్తే నాకు చుట్టాలు మిగలరు, అయినా రాస్తాను. రెండు రోజుల్లో ముప్ఫై మంది. దగ్గుతూ వచ్చినవాళ్ళున్నారు, ముద్దు పెట్టబోయినవాళ్ళున్నారు. “గింత సన్నగున్నదేంది, పిల్లిపిల్ల లెక్క” అని చెల్లె ముందే. “నెలలు నిండా మొయ్యలేకపాయె” అని ఇంకొకామె. స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తామని ఒకాయమ్మ నిప్పులు కూడా తెచ్చింది. నెల క్రితం దాకా ఆక్సిజన్ మీద ఉన్న ఊపిరితిత్తులకు పొగ! నేను గడపలో అడ్డంగా నిలబడ్డాను. ఆమె ఇప్పటికీ నాతో మాట్లాడదు. మా పెద్దమ్మ మాత్రం బిడ్డను చూపించమని అడగలేదు. వారం రోజులు రెండు పూటలా అన్నం, కూర గిన్నెల్లో తెచ్చి వాకిట్లో పెట్టి, బాలింత గుడ్డలు ఉతికి పోయింది.

మా మరిది, అదే పాప నాన్న, సంగతి ఎవరూ అడగలేదు. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని. ఆసుపత్రి కోసం తెచ్చిన అప్పుకు మిత్తి ఆగదు కాబట్టి మూడో రోజే వెళ్ళిపోయాడు. ఐసీయూలో ఉన్నన్ని రోజులూ అతన్ని పిలిచింది సంతకానికి, డబ్బులకే. మొదటి ఆదివారం వచ్చినప్పుడు చొక్కా విప్పించి, బిడ్డను ఎద మీద పడుకోబెట్టి, పైనుంచి చెల్లె చున్నీతో కట్టాను. వాళ్ళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “మొగోడు బిడ్డను కట్టుకునుడేంది!” అతను కదలకుండా రెండు గంటలు కూర్చున్నాడు. పాప ఆ రోజు ఊపిరి ఒక్కసారి కూడా భయపెట్టలేదు. అతనే మెల్లగా అన్నాడు, “వదినే, అక్కడ ఒక్కసారి కూడా ముట్టనియ్యలే.”

ఇప్పుడు పాపకు ఐదు నెలలు. ముందు పుట్టిన రెండు నెలలు తీసేస్తే మూడు. ఇది కూడా ఎవరికీ అర్థం కాదు. “మెడ ఇంకా పూర్తిగ నిలబడలేదా?” అంటూ వాళ్ళ మనవడితో పోలుస్తారు. టీకాలకు ఐదు నెలల లెక్క, మెడకూ బోర్లా పడటానికీ మూడు నెలల లెక్క అని చెప్పీ చెప్పీ చెల్లె అలసిపోయింది. నేను గోడ మీద చాక్‌పీసుతో రెండు లెక్కలూ రాసి పెట్టాను. వచ్చినవాళ్ళు చదువుకుంటున్నారు.

సోమవారం చెవుల పరీక్షకు నల్లగొండ వెళ్ళాలి. ఈసారి మా మరిది రెండు రోజులు పని బంద్ పెట్టుకుని వస్తున్నాడు. పాపను బస్సులో తానే ఎదకు కట్టుకుంటానన్నాడు.