ముందు బోర్డుకు వైద్యం

సుపరిపాలన ఉంటే ప్రజారోగ్యం దానంతటదే బాగుపడుతుందంటే నమ్మనివాళ్లు ఒకసారి ఆంధ్రప్రదేశ్ వచ్చి చూడాలి. 2007లో పుట్టిన ఆరోగ్యశ్రీ 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయి కూర్చుంది. విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయానికి కూడా 2022లో ఒక పేరు తీసి ఇంకోటి పెట్టారు, ప్రభుత్వం మారగానే పాతది తెచ్చి తగిలించారు. ఫైలు ఇంత చురుగ్గా కదలడం మీరు ఇంకే పనిలోనైనా చూశారా?

పేరు మారిస్తే రోగం తగ్గుతుందా అని గిట్టనివాళ్లు అంటారు. అనుకోనివ్వండి. కొత్త బోర్డు, కొత్త ఫ్లెక్సీ, కొత్త కార్డులు, ఎంతమందికి పని! ఓపీ చీటీ మీద పాత పేరు కొట్టేసి కొత్త స్టాంపు గుద్దితే అది సరిగ్గా మందులు రాసేచోట పడుతుంది, ఆ మందులెలాగూ బయటే కొనుక్కోవాలి కాబట్టి పేషెంటుకు వచ్చే నష్టమేం లేదు. ఇక బకాయిలు పేరుకుపోయి, సేవలు ఆపేస్తామని నెట్‌వర్క్ ఆసుపత్రులు నోటీసులివ్వడం మాత్రం ఏ పేరు పెట్టినా ఆగలేదు. దీన్నే విధానాల కొనసాగింపు అంటారు.

ఢిల్లీ తక్కువ తిన్నదేం కాదు. ఊళ్లో సబ్‌సెంటర్‌ను 2018లో హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ చేసి, 2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం అన్నారు. మందిరం అన్నాక వెళ్లి దణ్ణం పెట్టుకోవడం వరకే మన పని, వరమిస్తామని ఎవరూ మాటివ్వలేదు కదా. గోడలకు చెప్పిన రంగు వేయలేదని ఆరోగ్య మిషన్ నిధులు ఆపేశారని మమతా బెనర్జీ ప్రధానికి ఉత్తరం కూడా రాశారు. 2025 కల్లా ఆరోగ్యానికి జీడీపీలో 2.5 శాతం ఖర్చు చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు గానీ, శాతానికి రంగెలా వేస్తాం చెప్పండి.

పేరుంటే చాలు, మనిషి ఉండక్కర్లేదని 2023లో సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగే తేల్చింది. కేంద్రం ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్‌లో దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులకు ఒకటే ఫోన్ నంబరు: 9999999999. అంతకుముందే చనిపోయినట్టు నమోదైన 3,446 మందికి వైద్యం చేశామంటే 6.97 కోట్లు చెల్లించారు. బతికున్నవాళ్లు బెడ్డు లేదని వరండాలో పడుకుని సణుగుతుంటారు గానీ, చచ్చినా వదలకుండా చూసుకునే సర్కారు ఇంకెక్కడ దొరుకుతుంది? పైగా ఈ పేషెంట్లు క్యూలో తోసుకోరు, డాక్టరేడీ అని అడగరు.

అందుకే నాదో చిన్న సలహా. ప్రతి ఆసుపత్రికీ డిజిటల్ బోర్డు పెట్టేయండి, ఫలితాలొచ్చిన రోజు సచివాలయంలో ఒక్క బటన్ నొక్కితే శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా పేరు మారిపోవాలి. కరెంటు పోతే ఎలా అని టెన్షన్ పడకండి, జనరేటర్ ఉంది, డీజిల్ బిల్లు ఒక్కటే పెండింగ్.