తలుపు తీసే అధికారం కెప్టెన్‌దే

మిలటరీ షూటర్ గేముల్లో మన సైనికుడికి అప్పజెప్పే సరంజామా చూస్తే ఎవరికైనా గుండె నిబ్బరం వస్తుంది. చేతిలో అసాల్ట్ రైఫిల్, వీపున రాకెట్ లాంచర్, నడుముకి పిస్టల్, జేబుల్లో గ్రెనేడ్లు, హెల్మెట్‌కి నైట్ విజన్, ఇవి చాలకపోతే పైనుంచి బాంబులు వేయించుకోవడానికి ఒక రేడియో. ఇంత సామాను మోసుకుని శత్రువుల ఊళ్లోకి దిగిన మహావీరుడు ఒక పాత చెక్క తలుపు ముందుకొచ్చి ఆగిపోతాడు. దాన్ని తీయలేడు, తన్నలేడు. కాలిస్తే పెచ్చు కూడా ఊడదు. రాకెట్ పేల్చితే తలుపు మీద నల్లటి మచ్చ ఒకటి పడి, ఎందుకొచ్చిన గొడవ అనుకుంటుందో ఏమో, కాసేపటికి అది కూడా మాయమైపోతుంది.

ఇది టెక్నాలజీ లోపమని కొందరు అమాయకులు అనుకుంటారు. కాదు. ఇది పూర్తిగా పరిపాలనకు సంబంధించిన విషయం. తలుపు తీసే అధికారం కెప్టెన్‌ది. మామూలు సైనికుడికి మనుషుల్ని చంపే అధికారం ఉంది, హెలికాప్టర్లు కూల్చే అధికారం ఉంది, అవసరమైతే అణుబాంబు వైర్లు కత్తిరించే అధికారం కూడా ఉంది. గడియ మీద మాత్రం చెయ్యి వెయ్యకూడదు.

అందుకని మనం ఆగుతాం. కెప్టెన్ నెత్తిమీద 'ఫాలో' అని పచ్చటి అక్షరాలు వెలుగుతుంటాయి. ఆయన్ని ఫాలో అవ్వాలంటే ముందు ఆయన కదలాలి కదా! వీధి చివర ఉన్న శత్రువులందర్నీ మనమే ఏరి ఏరి కాల్చేశాక, మన వెనకాల ఎక్కడో నింపాదిగా నడుచుకుంటూ వస్తాడు. వచ్చి గోడకి వీపు ఆనిస్తాడు. రెండు వేళ్లతో ఏదో సైగ చేస్తాడు. ఆ సైగకి అర్థం ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు గానీ మనం తలుపుకి అటువైపు, సరిగ్గా నేల మీద చుక్క మెరిసే చోటే నిలబడాలి. అడుగు ఇటు జరిగితే ఆయన మాట్లాడడు, కదలడు, రెప్ప వెయ్యడు. చుక్క మీదికి రాగానే ప్రాణం వస్తుంది. మూడు లెక్కపెడతాడు. పళ్లు బిగించి ఒక్క తన్ను తంతాడు. అంతసేపూ రాకెట్‌కి లొంగని తలుపు, ఆ బూటు తగలగానే అట్టముక్కలా ఎగిరిపోతుంది. లోపల నలుగురు శత్రువులు స్లో మోషన్‌లో మనవైపు తిరుగుతారు, ఆ నలుగుర్నీ మనమే కాల్చాలి. కెప్టెన్ ఒక్క గుండూ పేల్చడు. పేల్చడానికి ఆయన డ్యూటీ అది కాదు, ఆయనది తలుపుల శాఖ.

ఇక ఆ శాఖాధిపతికి దారిలో ఏదైనా అయిందంటే కథ అక్కడితో సరి. ఒక్కోసారి ఆయన రోడ్డు పక్క ఖాళీ డ్రమ్ముకి తగులుకుంటాడు. తగులుకుని, పక్కకి జరగాలన్న ఆలోచనే లేకుండా, ఉన్నచోటే పరుగెత్తుతూ ఉంటాడు. కాళ్లు ఆడుతుంటాయి, మనిషి ఇంచు కదలడు. అవతల టెర్రరిస్టులు క్షిపణి బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు, రేడియోలో జనరల్‌గారు 'టైమ్ లేదు, టైమ్ లేదు' అని అరుస్తున్నాడు, ఇక్కడ ప్రపంచ శాంతి మొత్తం ఒక డ్రమ్ము దగ్గర ఆగిపోయింది. మోచేత్తో నెట్టి చూస్తాం. చుట్టూ గెంతుతాం. కాలి దగ్గర ఒక గుండు పేల్చుదామని చూస్తే తుపాకీ దానంతటదే కిందికి దిగిపోతుంది, లేదా 'సొంతవాళ్ల మీద కాల్పులు సహించం' అని బోర్డు పెట్టి మిషన్ రద్దు చేస్తారు. ఆయనకి మాత్రం ఎదుటివాళ్ల గుండ్లు ఎన్ని తగిలినా ఏమీ కాదు. అంత గట్టి మనిషి సినిమా సీను మొదలవగానే విలన్ పిస్టల్ నుంచి వచ్చిన ఒకే ఒక్క గుండుకి ఒరిగిపోయి, మన చేతుల్లో తల పెట్టి, రెండు పేజీల డైలాగు చెప్పి మరీ పోతాడు. మనకేమో 2005లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ 2 నుంచి ఒంటినిండా గుండ్లు దిగినా గోడ చాటున కాసేపు ఆయాసపడితే చాలు, నయమైపోతుంది. ఆ గోడ చాటుకి కెప్టెన్‌ని కూడా లాగుదామంటే దానికి బటన్ లేదు.

శోకానికి మాత్రం బటన్ ఉంది. 2014లో ఇదే కాల్ ఆఫ్ డ్యూటీ సిరీస్‌లో వచ్చిన అడ్వాన్స్‌డ్ వార్‌ఫేర్ అనే గేములో స్నేహితుడి అంత్యక్రియలు జరుగుతుంటాయి. శవపేటిక దగ్గరికి వెళ్లాక తెర మీద సూచన వస్తుంది: నివాళి అర్పించడానికి ఎఫ్ నొక్కండి. నొక్కేదాకా ఊరుకుంటారేమో చూడండి. ప్రపంచమంతా ఇప్పటికీ ఎవరు పోయినా, ఎవరి ఫోన్ పగిలినా, కామెంట్లలో ఒక్క ఎఫ్ కొట్టి పక్కకి పోతోందంటే ఆ దర్శకత్వ ప్రతిభే కారణం.

(ఒక్కడే ఆడుకునే కాంపెయిన్‌కి కూడా ఇంటర్నెట్ ఉండి తీరాలనే గేములొచ్చాయి, పాజ్ కూడా ఉండదు. దాని గురించి నేను మాట్లాడను, బీపీ పెరుగుతుంది.)

కాంపెయిన్ ముగిసింది, ఇక ఆన్‌లైన్‌కి వద్దాం. ఇక్కడ కెప్టెన్ ఉండడు, అందరం సమానం. తలుపుల మీద ప్రజల మొర ఆలకించారో ఏమో, 2019లో అదే సిరీస్‌లో వచ్చిన మోడర్న్ వార్‌ఫేర్‌లో ఆన్‌లైన్ మ్యాచుల్లో కూడా తెరిచి మూసే తలుపులు పెట్టారు. సంబరపడ్డాం. సైనికులు ఇకనుంచి స్వేచ్ఛగా ఇళ్లలోకి వెళ్తారని, యుద్ధకళ కొత్త పుంతలు తొక్కుతుందని అనుకున్నాం. ఆచరణలో జరిగిందేమిటంటే ప్రతి తలుపు వెనకా ఒకడు క్లెమోర్ మందుపాతర పెట్టుకుని, షాట్‌గన్ గురిపెట్టి, కలుగు ముందు పిల్లిలా కూర్చున్నాడు. తలుపు తీస్తాం, చస్తాం. చచ్చాక కిల్‌క్యామ్‌లో వాడి కళ్లతో చూపిస్తారు, అదో ప్రత్యేక శిక్ష. వాడు చూసేది గడియనే. అటు చూడడు, ఇటు చూడడు. బయట మ్యాచ్ జరుగుతోంది, జెండాలు పోతున్నాయి, సొంత టీమ్ చిత్తుగా ఓడిపోతోంది, ఈ తపస్వి మాత్రం గడియ మీద నుంచి దృష్టి మరల్చడు. మళ్లీ పుట్టి, కసిగా అదే తలుపుకి వెళ్తాం. మళ్లీ చస్తాం. అప్పుడు మైకులో గొంతు ఇంకా మారని ఒక కుర్ర కల్నల్ మన వంశవృక్షం మొత్తాన్ని పేరుపేరునా పలకరిస్తాడు.

యూనిఫాం సంగతి సరేసరి. గజం దూరంలో రక్తం చిమ్మే వాస్తవిక యుద్ధంలో 2022లో స్నూప్ డాగ్, 2023లో నికీ మినాజ్ అనే ర్యాపర్ల వేషాలు అమ్మకానికి పెట్టారు. కందకంలో నక్కి, ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఎదురుగా ర్యాప్ కచేరీ పరుగెత్తుకొస్తుంది. కాల్చాలో, ఆటోగ్రాఫ్ అడగాలో తేల్చుకునేలోపు హెడ్‌షాట్.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ తపస్వి కూర్చున్న గది ఎవరిదో ఎప్పుడైనా చూశారా? మళ్లీ పుట్టేలోపు కాస్త టైమ్ ఉంటుంది కదా, చూడండి. మంచం మీద సగం మడతపెట్టిన దుప్పటి. గోడ మీద ఇంటిల్లిపాదీ దిగిన ఫొటో. కిటికీ బయట తాడు మీద ఆరేసిన బట్టలు, అందులో ఒకటి చంటిపిల్ల గౌను. మంచం కింద చక్రం ఊడిన బొమ్మ కారు. ఆ కారు మీద దుమ్ము కూడా ఉంది, ఆ దుమ్ము గీయడానికి ఎవరో జీతం తీసుకున్నారు. బట్టలు ఉతికిన మనిషి లేదు, కారు విరగ్గొట్టిన పిల్లాడు లేడు. ఊరు ఊరంతా ఖాళీ. ఖాళీ చేసి వెళ్లిన గుర్తులు కూడా లేవు, మూటలు లేవు, రోడ్డు మీద జనం లేరు, శవాలు అసలే లేవు. తెరుచుకునే ఇళ్లలో శత్రువులో, ఆ తపస్విలా నక్కి కూర్చునే క్యాంపర్లో ఉంటారు. తెరుచుకోని ఇళ్లు గోడ మీద గీసిన బొమ్మలు, వాటి వెనక గది ఉండదు. యుద్ధంలో చావాల్సిన జనాన్ని ఇంత శుభ్రంగా తుడిచేసిన సైన్యం చరిత్రలో లేదు.

ఎందుకు తుడిచారో మనకీ తెలుసు. 2009లో మోడర్న్ వార్‌ఫేర్ 2 విమానాశ్రయంలో మామూలు జనం మీద కాల్పులు జరిపే మిషన్ పెట్టింది. పెద్ద రగడ అయింది. రష్యాలో ఆ మిషన్నే తీసేశారు, ఇంకొన్ని చోట్ల జనాన్ని కాలిస్తే గేమ్ ఓవర్ అన్నారు. జనం ఉంటే గొడవ, జనమే లేకపోతే ఏ గొడవా లేదు. అదే గేములో వరుసగా 25 మందిని చంపితే అణుబాంబు ఇస్తారు, వేయగానే మ్యాచ్ మనమే గెలిచినట్టు. దాని మీద పెద్దగా రగడ కాలేదు, ఎందుకంటే ఆ బాంబు పడే ఊళ్లో ఎవరూ ఉండరు కదా.

జనాన్ని చూపించడం చేతకాక కాదు. అదే 2019 గేములో లండన్‌లోని ఒక ఇంట్లోకి రాత్రిపూట దూరే మిషన్ ఉంది. చీకట్లో ఒక్కో గదీ తెరుచుకుంటూ వెళ్తుంటే ఒక ఆడమనిషి ఉన్నట్టుండి పక్కకి ఉరుకుతుంది. తుపాకీ కోసమో, ఉయ్యాల్లో బిడ్డ కోసమో క్షణంలో తేల్చుకోవాలి. అక్కడ వేలు ట్రిగ్గర్ మీద ఆగుతుంది. అదొక్కటీ నిజమైన తలుపు. అలాంటిది తీయగలిగిన వాళ్లే, ఆ డిస్క్‌లోనే, ఆన్‌లైన్ ఆటగాళ్లకి వైట్ ఫాస్ఫరస్‌ని బహుమతిగా పెట్టారు. చావకుండా వరుసగా కిల్స్ తెచ్చుకుంటే ఊరి మీద చల్లుకోవచ్చు.

వైట్ ఫాస్ఫరస్ అంటే తెలుసా అండీ? గాలి తగిలితే దానంతటదే అంటుకుంటుంది. ఒంటి మీద పడితే చర్మం కాల్చి లోపలికి దిగుతుంది. ఆస్పత్రిలో కట్టు విప్పితే, గాయంలో మిగిలిన ముక్కకి గాలి తగిలి మళ్లీ అంటుకోవచ్చు. 2004 నవంబరులో ఇరాక్‌లోని ఫలూజాలో అమెరికా సైన్యం దాన్ని వాడింది. మొదట శత్రువుల స్థావరాలను వెలుగులో చూడ్డానికే అని అమెరికా ప్రభుత్వం బుకాయించింది, 2005లో మాత్రం శత్రు సైనికుల మీద ఆయుధంగానే వాడామని పెంటగాన్ ఒప్పుకుంది. ఆ సరుకుని తెచ్చి కిల్ స్ట్రీక్ అని పేరు పెట్టి, మెడల్ శబ్దంతో మన చేతిలో పెడతారా? తాడు మీద ఆరేసిన ఆ చంటిపిల్ల గౌను కూడా మీరే గీశారు కదా! సిగ్గనేది ఒకటి ఉండాలి.

అంతటితో ఆగారా? అదే గేములో హైవే ఆఫ్ డెత్ అని ఒక మిషన్. పేరు కల్పితం కాదు. 1991 ఫిబ్రవరిలో కువైట్ నుంచి వెనక్కి పోతున్న ఇరాక్ బలగాల వాహనాల బారు మీద అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ విమానాలు బాంబులు కురిపించాయి. వందల వాహనాలు కాలి బూడిదైన ఆ రోడ్డు ఫొటోలు ప్రపంచమంతా చూసింది. గేములో అదే పేరు, అదే తగలబడ్డ వాహనాల బారు, ఊహాలోకపు దేశం. బాంబులు వేసిందెవరని చెప్పారు? రష్యావాళ్లట. రష్యా మీద నాకు ఇసుమంత ప్రేమ లేదు, వాళ్లు స్వయంగా కూల్చిన ఊళ్లకి కొదవ లేదు, కావాలంటే వాటి పేర్లే పెట్టుకోండి. ఒకరి ఘోరాన్ని పేరుతో సహా ఎత్తుకొచ్చి ఇంకొకరి ఖాతాలో రాయడం కథ కాదు, దొంగలెక్క. ఆ రోడ్డు గురించి మొట్టమొదట గేములోనే విన్న కుర్రాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించండి.

2013లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ పాపం మర్యాదగానే అడిగింది. ఆటలు ఆపమనలేదు, హింస తగ్గించమని కూడా అనలేదు. ఇప్పటి యుద్ధాలను చూపించే గేముల్లో యుద్ధ నియమాలు కూడా ఉండాలి, ఉల్లంఘిస్తే దాని ఫలితం కనబడాలి, అంతే. కొంతమంది విన్నారు. ఆర్మా 3 వాళ్లు 2017లో లాస్ ఆఫ్ వార్ అని ఒక భాగం తెచ్చారు. అందులో మనం యుద్ధం అయ్యాక ఊళ్లో మిగిలిన పేలని బాంబులు ఏరే మనిషిగా ఉంటాం. అంతకుముందే, 2014లో, బోస్నియాలోని సరయెవో నగర ముట్టడి స్ఫూర్తితో దిస్ వార్ ఆఫ్ మైన్ వచ్చింది, అందులో మనం సైనికులమే కాదు, ఇంట్లో దాక్కున్న జనం. కిటికీలకి చెక్కలు కొట్టుకుని, ఆకలితో కూర్చుని ఉంటే బయట నుంచి ఎవరో తలుపు తడతారు. తీయాలా వద్దా అన్నది మన ఇష్టం, ఏ కెప్టెనూ రాడు.

ఇలా రాస్తే 'ఆటని ఆటలా చూడండి బ్రో' అనే బృందం ఎలాగూ వస్తుంది. చూస్తాను, నాకేం అభ్యంతరం లేదు. డ్రమ్ము దగ్గర పరుగెత్తే మనిషిని ఆటలానే చూశాను, ర్యాప్ కచేరీనీ అలాగే చూశాను. కానీ మాజీ సైనికులను సలహాదారులుగా పెట్టుకున్నామని, అసలు తుపాకుల చప్పుడే రికార్డు చేశామని, ఇంత వాస్తవికంగా యుద్ధాన్ని ఎవరూ చూపించలేదని ప్రచారం చేసుకున్నది ఆ కంపెనీలే, నేను కాదు. రైఫిల్ బోల్టు వెనక్కి లాగినప్పుడు వచ్చే టక్‌మనే చప్పుడుకి అంత నిజాయితీ కావాల్సి వచ్చినప్పుడు, ఆ రోడ్డు మీద బాంబులు వేసిందెవరో చెప్పడానికి మాత్రం ఎందుకు అక్కర్లేకపోయిందో ఆ సలహాదారుల్లో ఒక్కరైనా చెబితే వింటాను.